రక్తం చెప్పిన ఇంటిగుట్టు

అమ్మకు ఉంటే పిల్లల్లో కొందరికి ఉంది. నాన్నకు ఉంటే చాలాసార్లు అమ్మకూ ఉంది. నాన్నకు ఉండి అమ్మకు లేకపోతే మాత్రం... పిల్లల్లో దాదాపు ఎవరికీ లేదు! ఏమిటది? రక్తంలో ఉండే ఓ యాంటీబాడీ. జపాన్‌ను కలవరపెట్టిన ఒక రక్తక్యాన్సర్ వెనకున్న వైరస్ ఇంట్లో ఏ దారిన తిరుగుతోందో పట్టిచ్చింది ఈ లెక్కే. ఆ దారి తెలిశాక తల్లుల ముందు ఓ కష్టమైన ప్రశ్న వచ్చి నిలబడింది.

ఆస్పత్రికి వెళ్తే డాక్టరుగారు 'మీదే ఊరు?' అని అడుగుతారు. అదేదో పలకరింపు అనుకుంటాం మనం. 1970ల్లో జపాన్‌లోని క్యోటోలో ఆ ప్రశ్నే ఓ పెద్ద చిక్కుముడికి కొస అయింది.

క్యోటో విశ్వవిద్యాలయంలో డాక్టర్ కియోషి తకత్సుకి రక్తవ్యాధుల నిపుణులు. ఆయన బృందం దగ్గరకు ఓ విచిత్రమైన రక్తక్యాన్సర్ రోగులు వస్తున్నారు. అందరూ నడివయసు దాటినవాళ్లు. మెడ దగ్గర, చంకల్లో గడ్డలు, చర్మం మీద దద్దుర్లు. కొందరిలో రక్తంలో కాల్షియం అమాంతం పెరిగిపోయేది. తెల్లరక్తకణాలను మైక్రోస్కోపు కింద పెడితే వాటి కేంద్రకం గుండ్రంగా కాకుండా రేకులు విచ్చిన పువ్వులా కనిపించేది. అందుకే వాటికి 'పూలకణాలు' అని పేరొచ్చింది. పేరు అందంగానే ఉంది కానీ జబ్బు మాత్రం మహా మొండిది. ఏ మందుకూ లొంగేది కాదు, చాలామంది నెలల్లోనే చనిపోయేవారు.

రోగుల వివరాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. వాళ్లుంటున్నది క్యోటో చుట్టుపక్కలే అయినా పుట్టిందక్కడ కాదు. ఎక్కువమంది సొంతూళ్లు నైరుతి కొసనున్న క్యూషూ దీవిలో! ఎప్పుడో చదువుకో ఉద్యోగానికో ఊరొదిలి వచ్చేసినవాళ్లు. ఊరైతే వదిలారు కానీ ఊరు వాళ్లను వదల్లేదన్నమాట. ఈ జబ్బుకు 'అడల్ట్ టీ-సెల్ లుకేమియా' అని పేరుపెట్టి 1977లో ప్రపంచానికి చెప్పింది తకత్సుకి బృందం.

పుట్టిన ఊరిలో ఏముంది? నీళ్లా, తిండా, వంశమా? దోమలేమో అన్న అనుమానమూ వచ్చింది. ఎందుకంటే క్యూషూ దక్షిణభాగంలో, ఒకినావా దీవుల్లో ఒకప్పుడు మన కోస్తాలో లాగే బోదకాలు ఎక్కువ.

పచ్చగా మెరిసిన అద్దం

ఇంతలో అమెరికాలో ఓ కబురు. జాతీయ క్యాన్సర్ సంస్థలో రాబర్ట్ గాలో బృందం చర్మానికి పాకే ఒక రకం టీ-కణ క్యాన్సర్ ఉన్న రోగి కణాల్లో ఓ రెట్రోవైరస్‌ను పట్టుకుంది. 1980లో ఆ సంగతి వెల్లడించారు. మనుషుల్లో దొరికిన మొట్టమొదటి రెట్రోవైరస్ అదే. హెచ్ఐవీ బయటపడటానికి ఇంకా మూడేళ్లుంది! ఇప్పుడు దాన్ని హెచ్‌టీఎల్‌వీ-1 అంటున్నాం.

రెట్రోవైరస్ అంటే? మామూలు జలుబు వైరస్ చుట్టపుచూపుగా వచ్చి వెళ్లిపోతుంది. రెట్రోవైరస్ అలా కాదు. మన కణంలోకి దూరి, తన జన్యువుల్ని మన డీఎన్ఏలోనే కలిపి కుట్టేస్తుంది. ఇక ఆ కణం రెండైతే వైరసూ రెండు. అద్దెకు దిగి ఇల్లు తన పేరున రాయించుకునే రకం!

జపాన్‌లోనూ పని చురుగ్గానే సాగుతోంది. డాక్టర్ ఇసావో మియోషి ఈ క్యాన్సర్ రోగుల కణాల్ని ప్రయోగశాలలో పెంచారు. క్యోటోలో వైరస్ శాస్త్రవేత్త యోరియో హినుమా వాటిని తీసుకుని ఓ పరీక్ష తయారుచేశారు. పద్ధతి వినడానికి తేలికే. ఆ కణాల్ని గాజుపలక మీద అతికిస్తారు. ఎవరి రక్తాన్ని పరీక్షించాలో వాళ్ల రక్తంలోని ద్రవాన్ని దానిమీద వేస్తారు. ఆ మనిషిలో ఈ వైరస్ మీద తయారైన యాంటీబాడీలుంటే అవి వెళ్లి కణాలకు అతుక్కుంటాయి. తర్వాత మెరిసే రంగున్న మరో పదార్థం వేసి ప్రత్యేకమైన మైక్రోస్కోపులో చూస్తారు. మెరిస్తే ఉన్నట్టు, చీకటిగా ఉంటే లేనట్టు.

యాంటీబాడీ అంటే ఏమిటో కరోనా పుణ్యమా అని ఇప్పుడు ఇంటింటికీ తెలుసు. ఒంట్లోకి చొరబడిన శత్రువును గుర్తుపట్టి అతుక్కునే ప్రొటీన్ అది. శత్రువు కంటికి కనిపించకపోయినా యాంటీబాడీ ఉందంటే వాడు వచ్చాడన్నది ఖాయం. తట్టు లాంటి జబ్బుల్లో వైరస్ వెళ్లిపోయాక కూడా యాంటీబాడీలు మిగులుతాయి. హెచ్‌టీఎల్‌వీ-1 విషయంలో వైరస్ వెళ్లిపోవడమన్నదే లేదు. కాబట్టి ఇక్కడ యాంటీబాడీ ఉంటే 'ఒకప్పుడు వచ్చి వెళ్లాడు' అని కాదు, 'లోపలే ఉన్నాడు' అని అర్థం. ఈ ఒక్క తేడావల్లే తర్వాతి కథంతా సాధ్యమైంది.

హినుమా 1981లో ఫలితాలు ప్రకటించారు. ఆ క్యాన్సర్ ఉన్న 44 మందిని పరీక్షిస్తే 44 మందిలోనూ యాంటీబాడీలున్నాయి. ఇది ఊహించిందే. ఉలిక్కిపడేలా చేసింది రెండో అంకె. జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఏ రోగమూ లేని పెద్దవాళ్లను పరీక్షిస్తే, వాళ్లలో 26 శాతం మందికీ ఉన్నాయి! జబ్బు లేని ప్రాంతాల్లో మాత్రం ఎక్కడో ఒకరిద్దరికి.

అంటే క్యాన్సర్ రోగులు పైకి కనిపించే పిడికెడుమంది మాత్రమే. వాళ్ల వెనక లక్షలమంది ఈ వైరస్‌ను మోస్తూ, పొలాలు దున్నుకుంటూ, చేపలు పట్టుకుంటూ, పిల్లల్ని కంటూ హాయిగా బతికేస్తున్నారు. వాళ్లకా సంగతే తెలీదు. మరి అంతమందికి ఎలా వచ్చింది?

ఇంటింటి లెక్క

ఊరి లెక్క ఒక్కటీ చూస్తే అయోమయమే. ఒక రేవుపల్లెలో ఎక్కువ, పక్క ఊళ్లో తక్కువ. పిల్లల్లో తక్కువ, వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. నలభై దాటాక మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. ఎందుకలా? జవాబు కావాలంటే ఊరిని వదిలి ఇంటిని పట్టుకోవాలి. జపాన్ పరిశోధకులు అదే చేశారు. తాత, అమ్మమ్మ, తండ్రి, తల్లి, పిల్లలు... ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేసి, ఎవరికి ఉంది ఎవరికి లేదన్నది వంశవృక్షంలా గీసుకుంటూ వెళ్లారు.

ఒక ఇంటి బొమ్మ చూస్తే ఏమీ తెలీదు. తల్లికి ఉంది, పెద్ద కూతురికి ఉంది, చిన్నవాడికి లేదు. అంతే. తల్లి నుంచి కూతురికి వచ్చిందా, ఇద్దరికీ మరెక్కడినుంచైనా వచ్చిందా? యాంటీబాడీకి నోరు లేదు. కానీ అలాంటి ఇళ్లు వందల్లో పోగేసి పక్కపక్కన పెట్టేసరికి బొమ్మ తేటపడింది.

పాజిటివ్ వచ్చిన పిల్లల్ని తీసుకుని వెనక్కి వెళ్తే దాదాపు ప్రతిసారీ తల్లి పాజిటివ్. తల్లి నెగెటివ్ అయిన ఇళ్లలో తండ్రికి ఉన్నా పిల్లలకు లేదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కలో పడుకున్నా రాలేదు. దోమ అనుమానం అక్కడే వీగిపోయింది. పిల్లాణ్ని కుట్టేముందు వాళ్లమ్మ రిపోర్టు చూసి కుట్టే దోమ ఎక్కడా ఉండదు కదా!

రెండో దారి భార్యాభర్తల మధ్య. భర్త పాజిటివ్ అయిన చోట భార్యల్లో చాలామంది పాజిటివ్. భార్య నుంచి భర్తకు మాత్రం అంత తేలిగ్గా వెళ్లడం లేదు. ఆ తర్వాత మియజాకి ప్రాంతంలో దంపతుల్ని ఏళ్ల తరబడి గమనిస్తే, మగవారి నుంచి ఆడవారికి సోకే వేగం అటునుంచి ఇటు సోకేదానికంటే సుమారు నాలుగు రెట్లని తేలింది. నలభై దాటిన ఆడవాళ్లలో అంకె ఎందుకు పెరుగుతోందో దీనితో చాలావరకు అర్థమైంది. పెళ్లయి, కాపురం చేసి, ఏళ్లు గడిచాక వచ్చినవి అవి.

మూడోది రక్తమార్పిడి. క్యూషూ విశ్వవిద్యాలయంలో కజువో ఒకోచి బృందం రక్తం ఎక్కించుకున్నవాళ్లను వెతికి పరీక్షించింది. వైరస్ ఉన్నవాళ్ల రక్తకణాలు ఎక్కించుకున్నవారిలో సగానికిపైగా పాజిటివ్ అయ్యారు. అదే, కణాల్లేని ప్లాస్మా మాత్రమే ఎక్కించుకున్నవారిలో ఒక్కరికీ రాలేదు. 1984లో బయటపడిన ఈ సంగతి చాలా విలువైంది. ఈ వైరస్ ఒంటరిగా ప్రయాణం చేయదు. బతికున్న తెల్లకణంలో కూర్చునే వెళ్తుంది. ఆ కణం కొత్త ఒంట్లో మరో కణాన్ని తాకితేనే అంటుకుంటుంది. 1986 నవంబరు నుంచి జపాన్ రెడ్‌క్రాస్ దాతల రక్తమంతా పరీక్షించడం మొదలుపెట్టింది. ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

మిగిలింది మొదటి దారే. అమ్మ నుంచి బిడ్డకు... కానీ ఎప్పుడు? కడుపులో ఉన్నప్పుడా, పురిట్లోనా, ఆ తర్వాతా?

పాలలో ప్రయాణం

ఇక్కడ యాంటీబాడీ ఓ చిన్న మోసం చేస్తుంది. పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని పరీక్షిస్తే అందులోనూ యాంటీబాడీలుంటాయి. అయ్యో, బిడ్డకూ వచ్చేసిందే అనుకుంటే పొరపాటే. అవి బిడ్డవి కావు, అమ్మవి. తల్లి ఒంట్లోని యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. పుట్టింటివాళ్లు సారె ఇచ్చి పంపినట్టు, తాను పోగేసుకున్న రక్షణను బిడ్డకు కట్టిచ్చి పంపుతుంది తల్లి. ఆ సారె కొన్ని నెలలే. నెమ్మదిగా కరిగిపోయి ఏడాదిలోపు మాయమైపోతుంది.

పరిశోధకులు ఈ పిల్లల్ని విడిచిపెట్టకుండా గమనించారు. అమ్మ యాంటీబాడీలు తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వస్తాయి. చాలామంది పిల్లల్లో కథ అక్కడితో ముగుస్తుంది. కొందరిలో మాత్రం ఏడాది, రెండేళ్ల మధ్య గీత మళ్లీ పైకి లేస్తుంది. అవి బిడ్డ సొంతంగా తయారుచేసుకున్నవి. వైరస్ బిడ్డలో కాపురం పెట్టిందనడానికి అసలు గుర్తు అదే.

ఏడాది దాటాక లేస్తోందంటే ఎక్కువమందికి అంటుకుంటున్నది పుట్టిన తర్వాతే అన్నమాట. పుట్టాక తల్లి ఒంటి నుంచి బతికున్న తెల్లకణాలు బిడ్డకు రోజూ చేరే దారి ఏముంది? తల్లిపాలు! పాలంటే చక్కెర, కొవ్వు, ప్రొటీన్లే కాదు. అందులో తల్లి తెల్లకణాలూ లక్షల్లో ఉంటాయి. నాగసాకి పరిశోధకులు 1984లో ఆ కణాల్లోనే వైరస్ జాడ పట్టుకున్నారు. మార్మోసెట్ అనే చిన్న కోతులకు వైరస్ ఉన్న తల్లుల పాలలోని కణాల్ని నోటిద్వారా ఇస్తే, వాటి రక్తంలోనూ యాంటీబాడీలు కనిపించాయి.

ఇక తేలాల్సింది ఒక్కటే. పాలు ఆపితే వైరస్ ఆగుతుందా?

ఇక్కడో మాట. ఇది చదివి ఏ బాలింతా కంగారుపడి బిడ్డకు పాలు మానేయకూడదు. తల్లిపాలను మించింది లేదన్న మాటలో మార్పేమీ లేదు. పరీక్ష చేయించి, రెండో పరీక్షతో ఖాయం చేసుకుని, ఈ వైరస్ ఉందని తేలిన తల్లుల గురించే ఇదంతా.

వందమంది తల్లుల లెక్క

నాగసాకి అనగానే మనకు 1945 గుర్తొస్తుంది. తల్లుల వైద్యుల ప్రపంచంలో మాత్రం ఆ పేరుకు మరో గుర్తింపుంది. 1987లో అక్కడ ఓ పథకం మొదలైంది. వెనక నిలిచి నడిపినవారిలో ముఖ్యులు వైరస్ శాస్త్రవేత్త షిగెయో హినో. గర్భిణులు ఒప్పుకుంటే రక్తపరీక్ష చేస్తారు. పాజిటివ్ అయితే సంగతి వివరించి, పుట్టబోయే బిడ్డకు పోతపాలు పట్టమని సలహా ఇస్తారు. బలవంతం లేదు. నిర్ణయం తల్లిదే.

ఏళ్ల తరబడి పిల్లల్ని పరీక్షించగా వచ్చిన ఫలితం ఇదీ: ఆరు నెలలు, ఆపైన తల్లిపాలు తాగిన పిల్లల్లో 20.3 శాతం మందికి వైరస్ సోకింది. పోతపాలు తాగినవారిలో 2.5 శాతం మందికే. ఆరు నెలల్లోపు పాలు మానినవారిలో 7.4 శాతం. ఒక్క డబ్బా, ఒక్క సీసా... ఏ టీకా లేకుండా, ఏ మందూ లేకుండా ఎనిమిదింట ఏడు వంతుల ముప్పు తగ్గించేశాయి.

వినగానే ఇంకేం ఆలోచన అనిపిస్తుంది. కాస్త ఆగి తల్లి వైపు నుంచి చూడండి. వైరస్ ఉన్న తల్లులు వందమంది పాలిచ్చారనుకుందాం. వాళ్ల పిల్లల్లో 20 మందికి సోకుతుంది. సోకినవాళ్లలో క్యాన్సర్ వచ్చేది జీవితకాలం మొత్తమ్మీద నూటికి సుమారు ఐదుగురికి. అంటే ఆ 20 మందిలో ఒకరికి! అదీ ఎప్పుడు? సాధారణంగా అరవై ఏళ్లు వచ్చాక. వందమంది తల్లులు బిడ్డను గుండెకు హత్తుకుని పాలిచ్చే భాగ్యం వదులుకుంటే, ఎప్పుడో అరవై ఏళ్ల తర్వాత ఒక మనిషికి క్యాన్సర్ తప్పుతుంది. ఆ ఒక్కరూ ఎవరి బిడ్డో ఎవరికీ తెలీదు.

ఆ ఒక్కటీ మామూలు క్యాన్సర్ కాదన్నదీ నిజమే. వచ్చిందంటే ప్రాణం నిలవడం కష్టం. పైగా ఈ వైరస్‌తో వచ్చే కీడు క్యాన్సర్ ఒక్కటే కాదు. 1985లో కరీబియన్ దీవి మార్టినిక్‌లోనూ, మరుసటి ఏడాది జపాన్‌లోని కగోషిమాలోనూ ఇంకో సంగతి తేలింది. కొందరిలో ఇది వెన్నుపాము మీద పడుతుంది. కాళ్లు బిగుసుకుపోయి నడక దెబ్బతింటుంది, మూత్రం అదుపు తప్పుతుంది. అన్నిటికంటే ముఖ్యం, సోకిన ఆడపిల్ల రేపు తానూ తల్లవుతుంది. అప్పుడు మళ్లీ ఇదే ప్రశ్న.

మన దగ్గర లాగే జపాన్‌లోనూ పురిటికి పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఉంది. 'సాతొగాయేరి' అంటారు. బిడ్డ ఏడుస్తుంటే కూతురు సీసా అందుకుంటుంది. పాలున్నాయి కదా, ఎందుకు పట్టవు అని అడుగుతుంది తల్లి. నిజం చెప్తే ఆ తల్లికి వెంటనే అర్థమయ్యేదేమిటి? కూతురికి ఈ వైరస్ చాలావరకు తన పాలలోనే వెళ్లిందని. ముప్పై ఏళ్ల కిందట ప్రేమతో ఇచ్చిన పాలకు ఇప్పుడు కన్నీళ్లు. చెప్పకుండా దాస్తే అత్తింట్లో, ఇరుగుపొరుగుల్లో గుసగుసలు. ప్రసూతి వార్డులో అందరూ పాలిస్తుంటే ఒక్కరే సీసా పట్టినా చాలు, చూసేవాళ్లకు అనుమానం. అంకెల్లో ఇవేవీ కనిపించవు. కానీ ఆ అంకెల్ని నిలబెట్టింది ఈ తల్లులే.

మధ్యేమార్గాలు లేకపోలేదు. పాలు పిండి గడ్డకట్టించి, కరిగించి పడితే అందులోని కణాలు చచ్చిపోతాయి. వాటితోపాటే వైరసూ. మొదటి మూడు నెలలు మాత్రం పాలిచ్చి మాన్పించడం ఇంకోటి. తర్వాతి అధ్యయనాల్లో 90 రోజుల్లోపు మాన్పించినవారికీ, పోతపాలవారికీ స్పష్టమైన తేడా కనిపించలేదు. కారణం? తల్లి కట్టిచ్చిన ఆ సారే! మొదటి నెలల్లో బిడ్డ ఒంట్లో ఉండే అమ్మ యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకుంటాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. తల్లి ముప్పును బయటపెట్టిన యాంటీబాడీయే బిడ్డకు కొన్నాళ్లు కాపలా కూడా కాస్తోందన్నమాట. అయితే మూడు నెలలకు సరిగ్గా పాలు మాన్పించడం చెప్పినంత తేలిక కాదు. ఆ సంగతి ఏ తల్లినడిగినా చెప్తుంది.

ఎవరు తెచ్చారు?

పరీక్ష ఎప్పుడూ ముందు ఆడవాళ్లకే జరుగుతుంది. గర్భిణిగా ఆస్పత్రికి వెళ్లేది ఆమె కాబట్టి. రిపోర్టు ఆమె పేరున వస్తుంది కాబట్టి ఆమే తెచ్చిందనుకుంటారు. యాంటీబాడీ చెప్పేది 'ఉంది' అని మాత్రమే. ఎవరినుంచి ఎవరికి వచ్చిందో, ఎప్పుడొచ్చిందో చెప్పదు. దారి తెలిసింది వందల ఇళ్ల లెక్కలోంచి. ఒక్క ఇంట్లో, ఒక్క రిపోర్టు పట్టుకుని ఎవరినీ బోనులో నిలబెట్టలేం.

ఈ మాట జపాన్ కంటే మనకే ఎక్కువ అవసరం. హెచ్‌టీఎల్‌వీకి వరసకు తమ్ముడు లాంటిది హెచ్ఐవీ. అదీ రెట్రోవైరసే. 2000ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. అప్పట్లో ఎన్నో ఇళ్లలో సంగతి ముందు బయటపడింది కోడలి కాన్పు పరీక్షల్లోనే. భర్త నుంచి వచ్చిన వైరస్‌కు నింద ఆమె మోసింది. భర్త పోయాక ఇంట్లోంచి గెంటించుకున్నవాళ్లూ ఉన్నారు. రక్తపరీక్షకు లేని దిశను మనుషులే కల్పించేశారు.

పసిపిల్లల విషయంలో యాంటీబాడీ చేసే ఆ చిన్న మోసం హెచ్ఐవీలోనూ ఉంది. పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డలో 18 నెలల వరకు అమ్మ యాంటీబాడీలే కనిపించొచ్చు. అందుకే ఆరో వారంలో నేరుగా వైరస్ జన్యువులనే వెతికే పరీక్ష చేస్తారు, యాంటీబాడీ పరీక్షతో ఖాయం చేసేది 18 నెలలకు. ఒక పెద్ద తేడా ఉంది. హెచ్ఐవీకి మందులున్నాయి. తల్లి క్రమం తప్పకుండా వాడుతుంటే బిడ్డకు సోకే ముప్పు బాగా తగ్గుతుంది, డాక్టర్ల సలహాతో తన పాలే ఇవ్వొచ్చు కూడా. హెచ్‌టీఎల్‌వీ-1ను అలా అణచిపెట్టే మందు ఇప్పటికీ లేదు.

మరి మన దగ్గర హెచ్‌టీఎల్‌వీ ఉందా? 1969లోనే దక్షిణ భారతంలో కారణం తెలీకుండా కాళ్లు బిగుసుకుపోయే రోగుల గురించి వైద్యులు రాశారు. అప్పటికి ఈ వైరస్ ఉందన్న సంగతే ఎవరికీ తెలీదు. తర్వాత దక్షిణాదిలో జరిగిన పరీక్షల్లో కొద్దిమందిలో యాంటీబాడీలు కనిపించాయి. జపాన్‌తో పోలిస్తే అది చాలా తక్కువ. మన బ్లడ్‌బ్యాంకుల్లో తప్పనిసరి పరీక్షలు ఐదు: హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సుఖవ్యాధి సిఫిలిస్, మలేరియా. హెచ్‌టీఎల్‌వీ ఆ జాబితాలో లేదు.

ప్రపంచం మొత్తమ్మీద కనీసం 50 లక్షల నుంచి కోటిమందిలో ఇది ఉందని అంచనా. కరీబియన్ దీవులు, బ్రెజిల్, ఆఫ్రికాలో కొన్ని ప్రాంతాలు, ఇరాన్‌లో మషాద్ నగరం. మధ్య ఆస్ట్రేలియాలో కొన్ని ఆదివాసీ సమూహాల్లోనైతే పెద్దవాళ్లలో 40 శాతం దాటిందని తేలింది. చిత్రంగా, జపాన్‌లోనూ క్యూషూకు పూర్తిగా అటు చివర, ఉత్తరాన హొక్కైదోలోని ఐనూ తెగవారిలోనూ ఎక్కువే. తల్లి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి మనవరాలికి పాలలో ప్రయాణించే వైరస్ కాబట్టి పాత వలసల జాడ దానిలో మిగిలిపోయిందని నమ్మేవారున్నారు.

దానంతట అదే పోతుందన్నారు

1990ల మొదట్లో జపాన్ ప్రభుత్వ పరిశోధక బృందం ఒక నిర్ణయానికొచ్చింది. దేశమంతా గర్భిణులకు పరీక్షలు అక్కర్లేదు, వైరస్ ఎక్కువున్న ప్రాంతాలు చూసుకుంటే చాలు, మిగతాచోట్ల దానంతట అదే తగ్గిపోతుంది అని. కాగితం మీద బాగానే ఉంది. కానీ క్యూషూ ఆడపిల్లలు క్యూషూలోనే ఉండిపోరు కదా! మన పల్లెల్నుంచి హైదరాబాద్‌కు వచ్చినట్టు వాళ్లూ టోక్యోకు, ఒసాకాకు వెళ్లారు. అక్కడే పెళ్లిళ్లు, పురుళ్లు. 2006-07లో రక్తదాతల లెక్కల ఆధారంగా అంచనా వేస్తే దేశంలో ఇంకా సుమారు 10.8 లక్షలమందిలో వైరస్ ఉందని తేలింది. 1990 నాటి అంచనా 12 లక్షలు. అనుకున్నంత తగ్గలేదు. మహానగరాల్లోనైతే చాప కింద నీరులా పెరిగింది. ఈ క్యాన్సర్‌తో ఏటా దాదాపు వెయ్యిమంది చనిపోతూనే ఉన్నారు.

మియాగి రాష్ట్రానికి పన్నెండేళ్లు గవర్నరుగా చేసిన షిరో అసానో తనకీ ఈ క్యాన్సర్ వచ్చిందని 2009లో బయటికి చెప్పారు. ఆయనకు మూలుగ మార్పిడి జరిగింది. పేరున్న మనిషి నోరు విప్పడంతో పత్రికలన్నీ ఇటు తిరిగాయి. ఏళ్ల తరబడి తలుపులు తడుతున్న రోగుల సంఘాల మాట అప్పుడు గట్టిగా వినిపించింది. 2010 సెప్టెంబరులో ప్రధాని నవోతో కాన్ వాళ్లను కలిశారు, ప్రత్యేక బృందం వేశారు. ఆ వెంటనే దేశమంతా గర్భిణులకు ఈ పరీక్ష మొదలైంది. నాగసాకిలో మొదలైన 23 ఏళ్లకు!

నాగసాకిలో ఆ పథకం మొదలయ్యాక పుట్టిన ఆడపిల్లలు పెద్దవాళ్లై, గర్భిణులుగా అవే ఆస్పత్రులకు రావడం మొదలైంది. పాజిటివ్ వస్తున్నవాళ్లు వాళ్లలో చాలా తక్కువ. ఈ తగ్గుదలంతా పథకం చలవే అనలేం. కుటుంబాలు చిన్నవయ్యాయి, ఏళ్ల తరబడి పాలిచ్చే అలవాటూ తగ్గింది. కానీ సీసా పట్టిన ఆ తల్లుల వాటా చిన్నదేం కాదు.

వైరస్ ఉన్న తల్లి బిడ్డకు మూడేళ్లు నిండాక పరీక్ష చేయించమని ఇప్పుడు జపాన్‌లో సలహా ఇస్తున్నారు. అమ్మ యాంటీబాడీలు ఎప్పుడో కరిగిపోయి, బిడ్డ సొంతవి ఉంటే తప్పక కనిపించే వయసది. నెగెటివ్ వస్తే పాల ముప్పు తప్పినట్టే. పాజిటివ్ వస్తే ఆ రోజు ఇవ్వడానికి డాక్టర్ దగ్గర మందేమీ ఉండదు, పిల్లకు ఏ బాధా ఉండదు. కొందరు తల్లులు ఈ పరీక్షకు తీసుకురారు. తీసుకొచ్చి, ఫలితం చేతిలో పెట్టుకున్నవాళ్లకు ఆ సంగతి పిల్లకు ఏ వయసులో చెప్పాలన్నది మాత్రం ఎవరూ నిర్ణయించి పెట్టలేదు. అది వాళ్లకే వదిలేశారు.